యాంటీబాడీ మందులకు చక్కెర అంటుకుంటే ఏమవుతుంది? గ్లైకేషన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

బయోసిమిలర్ (ఒరిజినల్ బయోలాజికల్ మందుకి దగ్గరి పోలికతో చేసే మందు) ల్యాబ్‌లలో కొత్తగా చేరినవాళ్లు, ఎంఎస్సీ బయోటెక్, ఎం.ఫార్మసీ చదివే పిల్లలు, ఇంట్లో ఎవరికో యాంటీబాడీ ఇంజెక్షన్ రాశారని కంగారుగా ఫోన్ చేసే బంధువులు... అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదటి సందేహాలు

గ్లైకేషన్, గ్లైకోసిలేషన్ రెండూ ఒకటే కదా?

కాదు. ఎక్కువ తికమక ఇక్కడే వస్తుంది. గ్లైకోసిలేషన్ కణం పనిగట్టుకుని చేసేది. యాంటీబాడీ అనే ప్రోటీన్ ఇంకా కణం లోపల తయారవుతుండగానే ఎంజైములు ఒక చక్కెర గొలుసును తెచ్చి, హెవీ చెయిన్‌లో (యాంటీబాడీలోని రెండు రకాల గొలుసుల్లో పెద్దది, చిన్నది లైట్ చెయిన్) 297వ స్థానంలో ఉన్న ఆస్పరజిన్ అనే అమైనో ఆసిడ్ మీద అతికిస్తాయి, తర్వాత దాన్ని కత్తిరించి, కొత్త చక్కెరలు చేర్చి ఒక రూపానికి తెస్తాయి. ఆ గొలుసు లేకపోతే యాంటీబాడీ తోక భాగం, అంటే ఎఫ్‌సీ, రోగనిరోధక కణాలను సరిగా పట్టుకోలేదు. గ్లైకేషన్‌కి ఎంజైమ్ అక్కర్లేదు, కణం అనుమతి కూడా అక్కర్లేదు. చుట్టూ ఉన్న ద్రవంలో గ్లూకోజ్ ఉంటే చాలు, అది మెల్లగా లైసిన్ అనే అమైనో ఆసిడ్‌ల మీదకో ప్రోటీన్ గొలుసు మొదట్లో ఉండే అమైన్ మీదకో చేరి కూర్చుంటుంది. మొదటిది కావాలని చేసిన అలంకరణ అనుకుంటే, రెండోది బట్టకు అంటిన మరక.

ఎంజైమ్ లేకుండా చక్కెర తనంతట తాను ఎలా అంటుకుంటుంది?

గ్లూకోజ్ అణువులు దాదాపు అన్నీ ఉంగరంలా చుట్టుకునే ఉంటాయి. ఏ క్షణంలో చూసినా చాలా చాలా కొద్ది భాగమే విప్పుకుని గొలుసులా ఉంటుంది, ఆ కొద్దిపాటి గొలుసుకే చివర ఆల్డిహైడ్ ఉంటుంది. అది లైసిన్ కొసన ఉన్న అమైన్‌తో కలిస్తే షిఫ్ బేస్ వస్తుంది. ఇంతవరకు వెనక్కి పోవచ్చు, గ్లూకోజ్ తగ్గిస్తే విడిపోతుంది. కానీ కొంత సమయం గడిస్తే అది లోపల సర్దుకుని అమడోరి రూపానికి మారుతుంది, అక్కడి నుంచి వెనక్కి రావడం చాలా కష్టం. ఇంకా ముందుకు వెళ్తే గోధుమ రంగు పదార్థాలు వస్తాయి. మన ఊళ్లలో దాలి గుంటలో పిడకల సెగ మీద గంటల తరబడి కాగిన పాలు ఎర్రగా మారతాయి చూడండి, పాలలోని లాక్టోజ్‌కీ పాల ప్రోటీన్లకీ మధ్య జరిగేది ఇదే కుటుంబానికి చెందిన చర్య. 1912లో లూయీ కమీయ్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించాడు, అందుకే ఆయన పేరే పెట్టారు.

షుగర్ పేషెంట్లకు చేసే మూడు నెలల టెస్టుకీ దీనికీ సంబంధం ఉందా?

సంబంధం కాదు, అచ్చంగా అదే కెమిస్ట్రీ. హెచ్‌బీఏ1సీ టెస్టు కొలిచేది హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉన్న వాలిన్‌కి ఎంత గ్లూకోజ్ అంటుకుందో. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ అంకె గత రెండు మూడు నెలల షుగర్‌ని చెబుతుంది. యాంటీబాడీ కూడా అంతే, అది ఎంత గ్లూకోజ్‌లో ఎన్ని రోజులు నానిందో దాని గ్లైకేషన్ చెబుతుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను ఎప్పుడూ ఈ పోలికతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లో ఆ టెస్టు చేయించుకున్నవాళ్లు ఒకరైనా ఉంటారు.

ఒక యాంటీబాడీలో ఇన్ని లైసిన్‌లు ఉన్నాయి కదా, అన్నిటికీ అంటుకుంటుందా?

ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందునే తీసుకుంటే 88 లైసిన్‌లు, నాలుగు గొలుసుల మొదళ్లు కలిపి 92 చోట్లు. సిద్ధాంతం ప్రకారం అన్నీ అవకాశం ఉన్నవే. నిజంగా చూస్తే చాలా చోట్ల అతి తక్కువగా, చెదురుమదురుగా ఉంటుంది, ఒకటి రెండు చోట్ల మాత్రం మిగతావాటికంటే బాగా ఎక్కువ కనిపించవచ్చు. ఆ చోట్లనే హాట్ స్పాట్ అంటారు. లైసిన్ బయటికి తేలి ఉండటం ఒక కారణం, పక్కనే ఆస్పార్టిక్ ఆసిడ్ లాంటి అమైనో ఆసిడ్ ఉండి అమడోరి మార్పుకి చెయ్యి అందించడం ఇంకో కారణం. అందుకే మొత్తం గ్లైకేషన్ ఎంత అన్న ఒక్క అంకెతో నేను ఎప్పుడూ తృప్తిపడను, ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న.

చక్కెరంటేనే చెడ్డదా? కావాలని మార్చిన మందులు లేవా?

ఉన్నాయి, కాకపోతే అవి ఎంజైములతో జరిగే గ్లైకోసిలేషన్ వైపువి. ఎఫ్‌సీ చక్కెర గొలుసులో ఫ్యూకోజ్ అనే చక్కెరను తగ్గిస్తే ఎన్‌కే కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) యాంటీబాడీని గట్టిగా పట్టుకుంటాయి, క్యాన్సర్ కణాన్ని చంపే శక్తి పెరుగుతుంది. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఒబినుటుజుమాబ్ ఈ పద్ధతిదే. చక్కెర ఎదురుతిరిగిన ఉదాహరణ కూడా ఉంది, అది సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు. దాన్ని ఎలుక కణాల్లో తయారుచేస్తారు, ఆ కణాలు యాంటీబాడీ చేతి భాగంలో ఆల్ఫా-గాల్ అనే చక్కెరను పెడతాయి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో కొందరికి మొదటి డోసుకే తీవ్రమైన అలర్జీ వచ్చింది. ఎందుకా అని వెతికితే, ఆ చక్కెర మీద వాళ్ల రక్తంలో ముందే ఐజీఈ (అలర్జీ తెచ్చే రకం యాంటీబాడీ) ఉందని 2008లో తేలింది, అది అక్కడి ఒక రకం పిడుదు కుట్టడం వల్ల వస్తుందని తర్వాత అర్థమైంది. చక్కెర విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ కథే.

## కణాలు పెంచే దశ

గ్లూకోజ్ వేయకుండా కణాలు పెంచితే సమస్యే ఉండదుగా?

కణాలు బతకాలి కదా. చాలా యాంటీబాడీ మందులను తయారుచేసే సీహెచ్‌ఓ కణాలకు (చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయం నుంచి వచ్చినవి) ముఖ్యమైన తిండి గ్లూకోజే. అది మరీ తగ్గిపోతే ఉత్పత్తి పడిపోవడం ఒక్కటే కాదు, 297వ స్థానంలో పెట్టాల్సిన చక్కెర గొలుసుకి ముడిసరుకు కూడా చాలదు. అప్పుడు కొన్ని యాంటీబాడీలు ఆ గొలుసు లేకుండానే బయటికి వస్తాయి, కొన్నిట్లో అది మానోజ్ దశలోనే ఆగిపోతుంది. అంటే మరకను తప్పించబోయి అలంకరణను పాడుచేసుకున్నట్టు. చేయగలిగింది ఏమిటంటే, ఒకేసారి పెద్ద మోతాదులో గ్లూకోజ్ పోసే బదులు కొద్ది కొద్దిగా, కణాలు తినే వేగాన్ని బట్టి ఇస్తూ బయోరియాక్టర్‌లో, అంటే కణాలు పెంచే ట్యాంకులో, స్థాయిని తక్కువగా, నిలకడగా ఉంచడం. రోజుకోసారి శాంపిల్ తీసి కొలిచే చోట రెండు కొలతల మధ్య ఎంతవరకు పెరిగిందో ఎవరికీ కనిపించదు, అందుకే గ్రాఫ్‌లో సగటు బాగుందని సంబరపడకండి.

గ్లూకోజ్ బదులు గాలక్టోజో ఫ్రక్టోజో వాడితే తగ్గుతుందా?

ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. సాధారణంగా దొరికే చక్కెరల్లో ఎక్కువసేపు ఉంగరంలా చుట్టుకుని ఉండేది గ్లూకోజే, అందుకే అది నెమ్మది. గాలక్టోజ్, ఫ్రక్టోజ్, రైబోజ్ దానికంటే ఎక్కువగా విప్పుకుని ఉంటాయి కాబట్టి అమైన్‌ల మీదకు వేగంగా వెళ్తాయి. ఎఫ్‌సీ గొలుసులో గాలక్టోజ్ పెంచాలని మాంగనీస్, యూరిడిన్‌తో పాటు గాలక్టోజ్ కూడా ఫీడ్‌లో (కణాలకు మధ్యమధ్యలో ఇచ్చే తిండి) వేసే పద్ధతి ఉంది. అలా చేసే బ్యాచ్‌లలో మిగిలిపోయిన గాలక్టోజ్ వల్ల గ్లైకేషన్ కూడా వస్తుందేమో చూసుకోవాలి. చాలామంది గ్లైకాన్ ప్రొఫైల్ (ఎఫ్‌సీ చక్కెర గొలుసుల తీరు) బాగా వచ్చిందని చూసి అక్కడితో ఆగిపోతారు.

హార్వెస్ట్ (కల్చర్ ఆపి యాంటీబాడీని బయటికి తీయడం) రెండు రోజులు ఆలస్యమైంది, గ్లైకేషన్ పెరిగి ఉంటుందా?

సాధారణంగా పెరుగుతుంది. ఫెడ్-బ్యాచ్, అంటే తిండి కలుపుతూ పోయి చివర్లో ఒకేసారి ప్రోటీన్ తీసే పద్ధతి, రెండు వారాల దాకా నడుస్తుంది, 4వ రోజు బయటికొచ్చిన యాంటీబాడీ 14వ రోజు దాకా అదే వెచ్చటి గ్లూకోజ్ నీళ్లలో నానుతూ ఉంటుంది, 13వ రోజు వచ్చినదానికి ఒక్క రోజే. మీరు చివర్లో కొలిచేది వీటన్నిటి మిశ్రమం. గ్లూకోజ్ స్థాయి, వేడి, సమయం, పీహెచ్, ఈ నాలుగూ చూడండి. మధ్యలో ఉష్ణోగ్రతను 37 నుంచి 33 డిగ్రీల వైపు తగ్గించే ప్రాసెస్‌లలో చర్య కొంత నెమ్మదిస్తుంది. పర్‌ఫ్యూజన్‌లో ప్రోటీన్‌ని ఎప్పటికప్పుడు బయటికి తీసేస్తారు కాబట్టి నానే సమయమే తక్కువ.

## శుద్ధి చేసే దశ

ప్రోటీన్-ఏ కాలమ్‌లో దీన్ని కడిగేయొచ్చా?

లేదు. ప్రోటీన్-ఏ యాంటీబాడీ తోకను పట్టుకుంటుంది, ఆ యాంటీబాడీకి ఒక చక్కెర అంటి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. గ్లైకేషన్ రసాయన బంధం, బఫర్‌తో కడిగితే పోయే మురికి కాదు. ప్రోటీన్లను విద్యుదావేశాన్ని బట్టి విడదీసే క్యాటయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌లో ఆసిడిక్ వైపు భాగాన్ని కొంత కోసేసి తగ్గించవచ్చు, కానీ దాంతోపాటు మంచి ప్రోటీన్ కూడా పోతుంది, దిగుబడి దెబ్బతింటుంది. నా అభిప్రాయంలో దీన్ని ఆపాల్సిన చోటు బయోరియాక్టరే.

## ల్యాబ్‌లో కొలిచే దశ

ఇంటాక్ట్ మాస్‌లో (యాంటీబాడీని ముక్కలు చేయకుండా బరువు తూచే పరీక్ష) +162 కనిపించింది. గ్లైకేషనా, జీ1ఎఫ్ పెరిగిందా?

దీనికి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీనివల్ల జరిగే నష్టం కళ్లారా చూశాను. గ్లూకోజ్ ఒకటి అంటుకుంటే బరువు 162 డాల్టన్లు పెరుగుతుంది. ఎఫ్‌సీ గొలుసులో గాలక్టోజ్ లేని జీ0ఎఫ్ రూపానికి ఒక గాలక్టోజ్ చేరి జీ1ఎఫ్ అయినా సరిగ్గా అంతే పెరుగుతుంది, ఎందుకంటే రెండూ ఆరు కార్బన్ల చక్కెరలే. కాబట్టి ఇంటాక్ట్ మాస్ ఒక్కటి చూసి ఏదీ తేల్చలేరు.

నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో ఇలాంటి శిఖరాన్నే చూసి గాలక్టోసిలేషన్ పెరిగిందని రిపోర్ట్ ఇచ్చాం. కల్చర్ వాళ్లు అది నమ్మి తర్వాతి బ్యాచ్‌లో మాంగనీస్ తగ్గించారు. చివరికి ఎవరో శాంపిల్‌ని పీఎన్‌గేజ్-ఎఫ్ ఎంజైమ్‌తో చక్కెర గొలుసులు తీసేసి మళ్లీ నడిపితే 162 అక్కడే ఉంది. అసలు తప్పు ఫీడ్ పంపుది, గ్లూకోజ్ అవసరానికి మించి పోతోంది. ఆ రెండో బ్యాచ్ గ్లైకాన్‌లు అనవసరంగా దెబ్బతిన్నాయి, దాని మీద పనిచేసిన పిల్లల మూడు వారాల శ్రమ వృథా అయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకని ముందు పీఎన్‌గేజ్-ఎఫ్‌తో గొలుసులు తీసేయండి, తర్వాత డీటీటీ అనే రసాయనంతో హెవీ, లైట్ చెయిన్‌లను విడదీసి చూడండి. మామూలుగా లైట్ చెయిన్‌లో చక్కెర గొలుసు ఉండదు. మీ యాంటీబాడీ లైట్ చెయిన్‌లో గ్లైకోసిలేషన్ జరిగే చోటు లేదని సీక్వెన్స్‌లో నిర్ధారించుకున్నాక కూడా అక్కడ 162 కనిపిస్తే, అనుమానం ముందు గ్లైకేషన్ మీదకే వెళ్లాలి.

ఏ లైసిన్ మీద ఉందో ఎలా పట్టుకోవాలి?

పెప్టైడ్ మ్యాపింగ్‌తో, అంటే ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా (పెప్టైడ్‌లుగా) కోసి ఒక్కో ముక్క బరువు చూసే పద్ధతితో. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ప్రోటీన్‌ని లైసిన్ దగ్గర కోస్తుంది, కానీ ఆ లైసిన్‌కి చక్కెర అంటి ఉంటే కోయలేదు, కాబట్టి కోత తప్పిన పొడవాటి పెప్టైడ్ 162 బరువు ఎక్కువతో కనిపిస్తుంది. సీఐడీలో (వాయువుతో ఢీకొట్టించే పద్ధతి) విరగ్గొడితే పెప్టైడ్ విరగకముందే చక్కెర నుంచి నీళ్లు ఊడిపోయి 54, నీళ్లతోపాటు ఫార్మాల్డిహైడ్ కూడా ఊడిపోయి 84 తగ్గిన శిఖరాలు వస్తాయి, అవి మంచి గుర్తు. చోటు కచ్చితంగా తెలియాలంటే ఈటీడీ (ఎలక్ట్రాన్ అందించి విరగ్గొట్టే పద్ధతి) మేలు. గ్లైకేషన్ చాలా తక్కువగా ఉన్నప్పుడు నాకు బాగా నచ్చే పద్ధతి ఇంకోటి ఉంది. 13 బరువున్న కార్బన్లతో చేసిన గ్లూకోజ్‌ని యాంటీబాడీతో కొంతకాలం ఉంచితే, పాత గ్లైకేషన్ 162 దగ్గర, కొత్తది 168 దగ్గర జంటగా కనిపిస్తాయి. ఆ 6 డాల్టన్ల తేడా ఉన్న జంట ఎక్కడుంటే అక్కడ గ్లైకేషన్ ఉన్నట్టే. శాంపిల్ తయారీలో చక్కెర ఊడిపోతుందేమోనని భయముంటే సోడియం బోరోహైడ్రైడ్‌తో స్థిరపరచవచ్చు, అప్పుడు బరువు ఇంకో 2 పెరుగుతుందని మర్చిపోకండి.

బోరోనేట్ కాలమ్ ఉంటే చాలదా?

వేగంగా మొత్తం స్థాయి తెలుసుకోవడానికి బాగుంటుంది. బోరోనేట్ పక్కపక్కనే ఒకే వైపున్న రెండు హైడ్రాక్సిల్‌లను పట్టుకుంటుంది, అంటుకున్న చక్కెరలో అవి ఉంటాయి. ఎఫ్‌సీ గొలుసులోని కొన్ని చక్కెరల్లోనూ అలాంటి జంటలు ఉంటాయి కాబట్టి ఆ అంకెను ఒంటరిగా నమ్మకండి. పక్కనే ఒక కంట్రోల్ నడపండి. ఏ లైసిన్ అన్నది మాత్రం ఇది చెప్పదు.

సీఈఎక్స్‌లో (క్యాటయాన్ ఎక్స్ఛేంజ్) ఆసిడిక్ శిఖరాలు పెరిగాయి, గ్లైకేషనే కారణమా?

కావచ్చు, కాకపోవచ్చు. లైసిన్ మీద చక్కెర కూర్చుంటే దాని పాజిటివ్ స్వభావం తగ్గుతుంది, అందుకే గ్లైకేషన్ ఆసిడిక్ వైపు వస్తుంది. కానీ ఆస్పరజిన్ డీఅమిడేషన్ అయినా, సియాలిక్ ఆసిడ్ పెరిగినా అదే వైపు కనిపిస్తాయి. ఆ శిఖరాన్ని విడిగా పట్టి మాస్ చూడకుండా పేరు పెట్టేయకండి.

## సీసాలో నింపాక

ఫార్ములేషన్‌లో సుక్రోజ్ కలుపుతాం కదా, అది చక్కెరే కదా మరి?

సుక్రోజ్, ట్రెహలోజ్ రెండూ రిడ్యూసింగ్ చక్కెరలు కావు, అంటే విప్పుకుని ఆల్డిహైడ్ చూపించే కొస వాటికి లేదు. అందుకే అవి ప్రోటీన్‌ని కాపాడే పనికి వాడతారు. చిక్కేమిటంటే, పీహెచ్ తక్కువగా ఉండి వేడి కూడా తగిలితే సుక్రోజ్ మెల్లగా విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది, అవి రెండూ అంటుకునేవే. 40 డిగ్రీల స్టెబిలిటీ స్టడీలో గ్లైకేషన్ పెరిగితే ముందు ఇదే అనుమానించాలి. ట్రెహలోజ్ దీనికంటే బాగా గట్టిది. లాక్టోజ్, మాల్టోజ్ మాత్రం రిడ్యూసింగ్ చక్కెరలు, వాటి జోలికి పోకండి.

ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన ఇంజెక్షన్‌లో కూడా ఇది పెరుగుతుందా?

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఈ చర్య చాలా నెమ్మది, పైగా ఆ మందులో గ్లూకోజ్ వేయరు. ఆ టెన్షన్ వదిలేయండి. మీరు నిజంగా జాగ్రత్త పడాల్సింది గడ్డకట్టడం, ఎండ, అటూఇటూ బాగా కుదపడం గురించి. ఫ్రీజర్‌లో గానీ, ఐస్ పేరుకునే గోడకి ఆనించి గానీ పెట్టకండి.

మందు లేత పసుపు రంగులో ఉంది, గ్లైకేషన్ అయిపోయిందా?

చిక్కటి యాంటీబాడీ ద్రావణం లేత పసుపుగా ఉండటం సహజం. రంగు ముదిరితే కారణాలు చాలా, ట్రిప్టోఫాన్ ఆక్సీకరణ, కల్చర్ మీడియాలోని విటమిన్లు, గ్లైకేషన్ ముదిరి వచ్చే గోధుమ రంగు పదార్థాలు. ఇంట్లో వాడేవాళ్లయితే డబ్బాలోని కాగితంలో రాసిన రంగుతో పోల్చుకోండి. తేడా ఉన్నా, ముక్కలు తేలుతున్నా వాడకుండా ఫార్మసిస్ట్‌కి చూపించండి.

## రోగి దగ్గర

ట్రాస్టుజుమాబ్‌ని గ్లూకోజ్ బాటిల్‌లో కలపొద్దంటారు, గ్లైకేషన్ వల్లేనా?

కలపకూడదన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం, లేబుల్‌లోనే ఉంది, దాన్ని 0.9 శాతం సోడియం క్లోరైడ్‌లోనే కలపాలి. కానీ అక్కడి ముఖ్య కారణం డెక్స్‌ట్రోజ్‌లో, అంటే గ్లూకోజ్ ద్రావణంలో, ఆ ప్రోటీన్ గుంపులు కట్టడం. బెవాసిజుమాబ్‌నీ డెక్స్‌ట్రోజ్‌లో కలపకూడదు. రిటుక్సిమాబ్ లేబుల్ మాత్రం 5 శాతం డెక్స్‌ట్రోజ్‌ని ఒప్పుకుంటుంది. అంటే ఏ మందు సంగతి దానిదే, ఒకదాని రూలు ఇంకోదానికి వాడకండి. గ్లైకేషన్ మాటకొస్తే, 5 శాతం డెక్స్‌ట్రోజ్ అంటే లీటరుకి 50 గ్రాముల గ్లూకోజ్, మామూలు మనిషి రక్తంలో ఉండేదానికి దాదాపు 50 రెట్లు. కొన్ని గంటల్లో ఎక్కించేస్తే జరిగేది కొద్దిగానే, కలిపి గది వేడిలో ఊరికే ఉంచేయకూడదు.

మా నాన్నగారికి షుగర్ ఉంది. ఆయన ఒంట్లో ఈ మందు పాడైపోదా?

పాడైపోదు. ఎక్కించాక ఏ మనిషి ఒంట్లోనైనా కొంత గ్లైకేషన్ జరుగుతుంది, మన రక్తంలోని సొంత యాంటీబాడీలైన ఐజీజీలకూ రోజూ జరుగుతున్నదే. ఐజీజీ సగం తగ్గడానికి దాదాపు 3 వారాలు పడుతుంది, షుగర్ ఎక్కువుంటే ఆ వ్యవధిలో కాస్త ఎక్కువ అంటుకుంటుంది. అయినా రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్ లాంటి మందుల డోసుని మధుమేహం ఉందని మార్చమని లేబుల్స్ చెప్పవు. మీరు డాక్టర్‌గారితో తప్పక మాట్లాడాల్సింది ఇంకో సంగతి. రిటుక్సిమాబ్ లాంటివాటికి ముందు తరచుగా స్టెరాయిడ్ ఇస్తారు, దానివల్ల ఆ ఒకటి రెండు రోజులు షుగర్ బాగా పెరగొచ్చు. నాన్నగారికి షుగర్ ఉందని, ఏ మందులు వాడుతున్నారో ముందే చెప్పండి.

గ్లైకేషన్ అయితే మందు బలం తగ్గినట్టేనా?

ఎక్కడ అంటుకుందో దాన్ని బట్టి. చెదురుమదురుగా తోక భాగంలో ఉంటే పనిలో తేడా సాధారణంగా కనిపించదు. లక్ష్యాన్ని పట్టుకునే చోటు, అంటే సీడీఆర్‌లో ఉన్న లైసిన్‌కి అంటుకుంటే పట్టు తగ్గే అవకాశం ఉంది. ఊహించి కూర్చోకుండా, యాంటీబాడీని కావాలనే ఎక్కువ గ్లూకోజ్‌లో నానబెట్టి బైండింగ్, పొటెన్సీ పరీక్షలు చేస్తే తేలిపోతుంది.

## ఫైల్, ఉద్యోగం

రెగ్యులేటర్ ఎంత శాతం వరకు ఒప్పుకుంటారు?

అన్ని మందులకూ పనికొచ్చే ఒక శాతం లేదు. మందుల నియమాలను దేశాల మధ్య ఒకేలా ఉంచే ఐసీహెచ్ సంస్థ క్యూ6బీ మార్గదర్శకం ప్రకారం ఉత్పత్తిలోని తేడాలను గుర్తించి, అవి పనినీ భద్రతనూ ఎంత ప్రభావితం చేస్తాయో మీరే చూపించాలి. బయోసిమిలర్ అయితే ఒరిజినల్ మందు లాట్‌లు (తయారీ బ్యాచ్‌లు) అనేకం కొని, వాటి పరిధి కొలిచి, మీది ఆ పక్కన పెట్టాలి. మన దేశంలో 2012లో వచ్చి 2016లో సవరించిన సిమిలర్ బయోలాజిక్స్ (బయోసిమిలర్‌లకు ఇక్కడి పేరు) మార్గదర్శకాలూ ఈ పోలికనే అడుగుతాయి. పాత లాట్‌లు కొన్నప్పుడు వాటి వయసు రాసుకోండి, గడువు దగ్గరపడిన లాట్‌నీ మీ తాజా బ్యాచ్‌నీ పోల్చి మాదే మేలని రాయడం న్యాయం కాదు.

ఎంఎస్సీ చదువుతున్నా, ఈ పనిలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ బయోసిమిలర్ రెడిటక్స్ తెచ్చింది, అంటే ఈ పని మన ఊళ్లో కొత్తేమీ కాదు. మాస్ స్పెక్ట్రం చేత్తో చదవడం నేర్చుకోండి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరు రాసుకోవడం కాదు. కాలేజీలో వీలుంటే ఒక చిన్న ప్రయోగం అడగండి. ఏదైనా ఐజీజీని రెండు ట్యూబుల్లో పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో పెట్టి, ఒకదాంట్లో గ్లూకోజ్, ఇంకోదాంట్లో సుక్రోజ్ వేసి, సూక్ష్మజీవులు పెరగకుండా ఫిల్టర్ చేసి, 37 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచండి. రెండు మూడు రోజులకోసారి కొంచెం తీసి, విడదీసి, లైట్ చెయిన్ బరువు చూడండి. గ్లూకోజ్ ట్యూబులో 162 దగ్గర చిన్న శిఖరం రోజురోజుకీ లేస్తుంది, సుక్రోజ్ ట్యూబులో లేవదు.